గులకరాళ్ల గుట్ట మీద తంగేడు

ప్లవంగ నామ సంవత్సరం, వైశాఖ బహుళ తదియ, మంగళవారం. పొద్దున్నుంచే వడగాలి, ఆకాశంలో మచ్చుకైనా మబ్బు లేదు. సరిగ్గా ఆ రోజున, పిల్లలూ, విక్రాంతుడనే రాజుగారు ఏలే శోణపురంలో తేనెటీగలన్నీ మాయమయ్యాయి.

వానల్లేక పూలు లేవు. ఏడు సముద్రాల అవతలి ధూమ్రకేశుడనే మాంత్రికుడు ఆకలితో ఉన్న ఆ ఈగలను పిలిచి, ఒక ఆనపకాయ బుర్రలో దాచేశాడు. ఈగ వాలనిదే పిందె పడదు కదా, దోసపాదులు ఉత్తవే పాకాయి. రాజు బతిమాలితే మాంత్రికుడు పందెం వేశాడు. మూడేళ్లలో, వానచుక్క పడకపోయినా, కోట ఎదుటి గులకరాళ్ల గుట్ట పూయాలి. పూస్తే ఈగలు తిరిగొస్తాయి. పూయకపోతే రాజ్యం మాంత్రికుడిది.

రాజుకు ముగ్గురు కొడుకులు. మొదటి ఏడు పెద్దవాడు జయధ్వజుడు మల్లెలు పెట్టి బావులన్నీ తోడి పోశాడు. బావులెండాయి, మల్లెలూ ఎండాయి. రెండో ఏడు నడిమివాడు మణిధరుడు తంగేడు నాటాడు. తంగేడు మీరు చూసే ఉంటారు, బాట పక్కన పచ్చగా పసుపు ముద్దల్లా పూస్తుంది. మేకలు కూడా నోరు పెట్టవు. దాని బెరడుతో తోళ్లు పదును చేస్తారు, ఆ సంగతి ఇంకోసారి చెబుతాను. మొక్క మంచిదే, కానీ అతడు ముద్దుచేసి దూరపు ఏటి నుంచి పూటకో బిందె మోయించి పోశాడు. వేళ్లు కుళ్లిపోయాయి.

మూడో ఏడు చిన్నవాడు సోమకేతుడు ఏడు సముద్రాలూ దాటి మాంత్రికుడి దీవి చేరాడు. అక్కడ మాంత్రికుడి కూతురు హేమవల్లి చిలుకకు జామపండు తినిపిస్తోంది. అతడు కత్తి దూయబోతే చిలుక విసుక్కుంది.

"నా మెడ జోలికి రాకు బాబూ. వచ్చిన ప్రతి రాజకుమారుడికీ ఇదే పని. ఆయన ప్రాణం నాలో లేదు."

హేమవల్లి నవ్వి, అతడు వచ్చిన పని విన్నది. తంగేడు గింజ పెంకు గట్టిదనీ, రాతి మీద గీరి నాటాలనీ, వేరు దిగేదాకా తడిపి ఆపైన చెంబు ముట్టకూడదనీ చెప్పింది.

సోమకేతుడు అలాగే చేశాడు. ఎండకు ఆకులు వాలినప్పుడల్లా చేయి చెంబు మీదికి పోయేది, వెనక్కి లాక్కునేవాడు. గడువుకు ఒక్కరోజు ముందు, మొగ్గలు తొడిగిన వేళ, మాంత్రికుడు ముసలివాడి వేషంలో గుట్ట ఎక్కాడు.

"నీది రాతిగుండె నాయనా. పాపం, నోరెండి చస్తున్నాయి. ఒక్క చెంబు నీళ్లు పొయ్యరాదూ?"

"వాటికి పొయ్యను తాతా. నోరెండింది నీకు. తాగు."

ఏడు సముద్రాల ఉప్పుగాలి తిని వచ్చినవాడు, ఆలోచించేలోగానే గటగటా తాగేశాడు. దాహం తీర్చిన చేతికి కీడు చేయరాదన్నది మాంత్రికులకూ కట్టుబాటే. మొక్కల్ని మాడ్చడానికి కొంగున కట్టుకొచ్చిన మంత్రపు బూడిదను గాలికి వదిలి, అక్కడే కూలబడ్డాడు. తెల్లవారేసరికి గుట్టంతా పసుపు. మాంత్రికుడు తనే ఆనపకాయ బుర్ర తెరిచాడు. ఝుమ్మని ఒక మేఘంలా లేచాయి ఈగలు.

సోమకేతుడికీ హేమవల్లికీ పెళ్లయింది, వాళ్లు చాలాకాలం చల్లగా ఏలారు. విక్రాంతుడు పోతూపోతూ జయధ్వజుడికి వేసవి కోట, మణిధరుడికి ఏటిగట్టు భూములు, సోమకేతుడికి సింహాసనం ఇచ్చాడు. గుట్టను తేనెటీగల పేర రాయించాడు. ధూమ్రకేశుడికి ఏమీ రాలేదు.