వెనక్కి నడిచొచ్చిన ఎఫీ

పూర్వం స్కాట్లాండులో ఒక పాదిరిగారి ముసలి ఆవు వట్టిపోయింది. అది చేపలమ్మే ఎఫీ చేతబడేనని ఊరివాళ్ళు ఆమెను పట్టుకున్నారు. న్యాయాధికారి దొర తన ముఖం చూసేలోపే మంత్రగత్తె అతణ్ణి చూస్తే, అతను ఆమె చేతిలో కీలుబొమ్మ అయిపోతాడని వాళ్ళ నమ్మకం. అందుకే ఎఫీని వెనక్కి నడిపిస్తూ న్యాయస్థానంలోకి తెచ్చారు. గుమ్మం దాటగానే ఆమె గిరుక్కున తిరిగి దొరను కళ్ళార్పకుండా చూసింది.

"అయ్యో, చూసేసింది! దీన్ని కాల్చెయ్యండి!" అని దొర కేకపెట్టాడు.

"నేను మంత్రగత్తెనైతే మీరిప్పుడు నా కీలుబొమ్మే దొరా. కీలుబొమ్మ చెప్పిన తీర్పు చెల్లుతుందా?" అంది ఎఫీ. "పైగా మంత్రగత్తెకు లొంగినవాణ్ణీ కాల్చాలని మొన్న చాటింపు వేయించింది మీరేగా!"

దొర గబగబా తల అడ్డంగా ఊపాడు. "ఛ! నాకేమీ కాలేదు."

"అయితే నా చూపులో ఏ మంత్రమూ లేనట్టేగా?"

"లేదు, లేదు! వదిలెయ్యండి!"

ఎఫీ ముందుకు చూస్తూ దర్జాగా ఇంటికి నడిచింది. ఎందుకైనా మంచిదని దొర మాత్రం సాయంత్రందాకా గోడవైపు తిరిగే కూర్చున్నాడు.