ఘాట్ రోడ్డు మీద నీలం రాయి

పెంచలయ్య లారీని ఘాట్ రోడ్డు మీద అందరూ నత్త అనేవాళ్ళు. వెనకొచ్చిన బండ్లు హారన్ కొట్టి, నవ్వుకుంటూ దాటిపోయేవి. బండిని అన్న మాటే అయినా అతనికి తనను అన్నట్టే ఉండేది. ఎలాగైనా ఆ పేరు పోగొట్టుకోవాలని వానాకాలమంతా కూర్చుని ఒక ఏర్పాటు చేశాడు.

సీటు వెనక సిలిండరు. అందులో, పళ్ళ డాక్టర్లు నొప్పి తెలియకుండా పీల్పించే నవ్వు గ్యాసు. అక్కణ్ణుంచి ఇంజనుకు తనే వంచి అతికిన రాగి గొట్టం. స్టీరింగ్ పక్కన ఒక పాత హారన్ బటన్. అది నొక్కితే డీజిలు ఇంజనుకు ఎక్కడలేని బలం వస్తుంది.

పొద్దున్నే వెళ్ళి, తనకు బండి నేర్పిన ఖాదర్‌వలీ ఉస్తాద్‌ని తీసుకొచ్చి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఉస్తాద్ ఒక్కమాట బాగుందంటే చాలు, లోకం ఏమన్నా అతనికి లెక్కలేదు.

"నిన్న చూశాను ఉస్తాద్. సగం ఘాట్‌లో ఎప్పట్లాగే వేడెక్కి ఆగింది. నీళ్ళు పోసి బటన్ నొక్కాను. అంతే, పైదాకా మళ్ళీ ఆగితే ఒట్టు."

"ఇంజను నవ్విందా?"

"లేదు ఉస్తాద్. ఎగిరింది."

ఉస్తాద్ తల ఊపాడు. ఘాట్ మొదలయ్యేసరికి మబ్బు రోడ్డు మీదికి దిగింది. చెట్లు సగం కనబడుతూ సగం కరిగిపోతూ ఉన్నాయి. బండి కదులుతోందో, కొండే వెనక్కి పోతోందో తెలియలేదు. పెంచలయ్య బొటనవేలు బటన్ మీద పెట్టాడు.

"ఆపు," అన్నాడు ఉస్తాద్.

దిగి మంచులోకి నడిచి వెళ్ళాడు. రోడ్డు మధ్య పడి ఉన్న రాయిని ఎత్తి పక్కన పెట్టి వచ్చి కూర్చున్నాడు.

ఎత్తు మీద ఆగిన లారీ వెనక్కి జారకుండా చక్రం కింద రాయి పెడతారు. బండి కదిలాక దాన్ని తీసేసి పోవాలి. పెంచలయ్యలా క్లీనర్ లేనివాడు చదునైన చోట బండి ఆపి, వెనక్కి నడిచొచ్చి తియ్యాలి. తొందరలో ఉన్నవాళ్ళు అలాగే వదిలేసి పోతారు. పెంచలయ్యకు స్టీరింగ్ ఇచ్చిన రోజున ఉస్తాద్ ఒక రాయికి నీలం రంగు పూసి దీవెన కింద చేతిలో పెట్టాడు. అది ఎప్పుడూ అతని సీటు కిందే ఉంటుంది.

బండి మళ్ళీ కదిలింది. బొటనవేలు మళ్ళీ బటన్ మీదికి వెళ్ళింది.

"ఆపు."

ఇంకో రాయి. పెంచలయ్యకు విసుగొచ్చింది.

"ఇలా ఆగుతూ పోతే బటన్ ఎప్పుడు చూస్తారు ఉస్తాద్?"

"చూద్దాంలే. తొందరేముంది?"

సగం ఘాట్ దాటాక మూడోసారి ఆపమన్నాడు. ఈసారి రాయిని పక్కన పెట్టలేదు. మంచులోంచి మెల్లగా నడిచొచ్చి, దాన్ని తెచ్చి పెంచలయ్య ఒళ్ళో పెట్టాడు.

నీలం రాయి. ఒక అంచు పగిలింది. దాని మీద ఎవరిదో టైరు గీరుకున్న నల్లటి చార.

పెంచలయ్య సీటు కింద చెయ్యి పెట్టి తడిమాడు. ఏమీ తగల్లేదు. కింద ఎక్కడో, మబ్బులో, ఊళ్ళోకి వచ్చే మొదటి బస్సు ఎక్కుతున్న చప్పుడు. నిన్న బండి ఆగిన చోటు ఇదే.

"ఉస్తాద్, ఎవరికైనా ఏమన్నా అయ్యుంటే..."

ఉస్తాద్ తలుపు వేసుకున్నాడు.

"నీ బటన్ బాగా పనిచేసింది, పెంచలయ్యా."

బండి మొదటి గేరులో కదిలింది. బస్సు వెనకే వచ్చి హారన్ కొట్టింది. పెంచలయ్య దారి ఇచ్చాడు. కిటికీలోంచి ఎవరో "నత్త" అని నవ్వారు. ఆ మాట మంచులో కలిసిపోయింది.

ఉస్తాద్ కళ్ళు మూసుకుని ఉన్నాడు. తర్వాతి మలుపులో రోడ్డు మీద నల్లగా ఏదో కనబడింది. పెంచలయ్య బండి ఆపి దిగాడు.