నిద్ర ఎరగని మాంత్రికుడు, గవ్వ అనే పిల్లి

అనగనగా ఒక రాజుండేవాడు. హాయిగా ఉండేవాడనుకునేరు, అదేం లేదు. ఆయనకు కంటి మీద కునుకు లేదు. ఆయనకే కాదు, రాణికి లేదు, మంత్రికి లేదు, వీధిలో కుండలమ్మే మనిషికీ లేదు. ఆ ఊరు కలువకోట.

ఎందుకు లేదంటే చెబుతాను, కాళ్ళు కదపకుండా వినండి. ఒకనాటి సాయంత్రం నల్ల కంబళి కప్పుకున్న మనిషొకడు భుజాన మట్టికుండ పెట్టుకుని ఊరంతా తిరిగాడు. ఎవరి గుమ్మం ముందు ఆగితే ఆ ఇంటివాళ్ళ నిద్ర ఆ కుండలోకి వెళ్ళిపోయింది. కుండకు గుడ్డ కట్టుకుని వాడు పోయాడు. ఆనాటి నుంచి ఉయ్యాలల్లో పసిపిల్లలు ఏడవడం కూడా మానేసి, కళ్ళు తెరుచుకుని పైకప్పు వంక చూస్తూ పడుకునేవారు. ఊపే తల్లులూ అలాగే చూస్తూ ఊపేవారు. పొయ్యి మీద అన్నం మాడుతున్నా ఎవరికీ వాసన తెలిసేది కాదు. ఇలాగే ఉంటే వచ్చే అమావాస్యకల్లా ఊళ్ళో ఒక్క ప్రాణమూ మిగలదని రాజవైద్యుడు చెప్పాడు. చెప్పి, చెప్పిన సంగతి మరిచిపోయి, మళ్ళీ మొదటి నుంచి చెప్పాడు.

రాజుకు ముగ్గురు కొడుకులు. ఆ సాయంత్రం వేటకు వెళ్ళి ఊళ్ళో లేరు కనుక వాళ్ళకు మాత్రం నిద్ర మిగిలింది. నిద్ర దొంగిలించినవాడు కంకాళుడనే మాంత్రికుడనీ, ఏడు సముద్రాల అవతల దీవిలో ఉంటాడనీ తెలుసుకున్నారు. పెద్దవాడు కత్తి పట్టుకుని వెళ్ళాడు, తిరిగి రాలేదు. నడిపివాడు ఇంకా పెద్ద కత్తి పట్టుకుని వెళ్ళాడు, వాడూ తిరిగి రాలేదు. ఇక మిగిలింది చిన్నవాడు, సోమకేతుడు. రాణి వాడికి దారిబత్తెం కట్టి ఇస్తూ ముడి వెయ్యడం మరిచిపోయింది. అలా తెరిచి ఉన్న మూట పట్టుకునే వాడు పడవెక్కాడు. అమ్మ అలా మరిచిపోవడం వాడెప్పుడూ చూడలేదు, దారంతా అదే తలుచుకున్నాడు.

ఒక సముద్రం దాటాడు, రెండో సముద్రం దాటాడు, మూడో సముద్రంలో నీళ్ళల్లో కొట్టుకుంటున్న ముసలి ఎలుక ఒకటి కనిపిస్తే తెడ్డుతో పైకి తీసి, తుడిచి, ఒక అటుకు పెట్టాడు. ఎలుక ఆ అటుకు తిని, "నాయనా, నేనూ నీతో వస్తాను, ఎలుక ఏం చేస్తుందిలే అనుకోకు" అంది. మిగిలిన సముద్రాలు ఇద్దరూ కలిసి దాటారు. ఎలా దాటారని అడక్కండి, పడవలో దాటారు.

ఆ దీవిలో గాలి లేదు. చెట్లున్నాయి కానీ ఆకు కదలదు. కోట తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. లోపల పెరడంతా రాతి మనుషులు. కొందరు కత్తి ఎత్తి, కొందరు పరుగెత్తబోతూ, అలాగే రాయైపోయారు. ఒళ్ళు రాయే గానీ కళ్ళు రాయి కాలేదు. సోమకేతుడు ఎటు నడిస్తే ఆ కళ్ళన్నీ అటు తిరిగాయి. వాళ్ళలో పెద్దన్న ఉన్నాడు, నడిపన్న ఉన్నాడు. ఇద్దరి కళ్ళల్లోంచీ నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడానికి చేతులు కదలవు. సోమకేతుడు తన పైపంచె కొంగుతో ఇద్దరి కళ్ళూ తుడిచాడు.

అప్పుడు స్తంభం వెనక నుంచి ఒక అమ్మాయి వచ్చింది. పేరు తరళ. ఆమె కూడా ఒక రాజు కూతురే. కంకాళుడు ఎత్తుకొచ్చి కోట ఊడ్చే పనికి పెట్టాడు. ఆమె పైకి చూపించింది. మండపం మధ్యలో గొలుసుకు ఒక ఇనుప పంజరం వేలాడుతోంది. గాలి లేకపోయినా అది అటూ ఇటూ ఊగుతూనే ఉంది. అందులో ఒక పిల్లి.

"వాడి ప్రాణం ఆ పిల్లిలో ఉంది" అంది తరళ. "దాన్ని చంపితే వాడు చస్తాడు. కానీ కత్తి ఎత్తగానే అది బెదురుతుంది. అది బెదిరితే వాడికి బలం పొంగుతుంది, ఎక్కడున్నా వచ్చి వాలతాడు. మీ అన్నలు అలాగే రాళ్ళయ్యారు."

కంకాళుడు కావాలనే ఆ పంజరాన్ని ఊగేలా కట్టాడు, పిల్లికి క్షణం కూడా బెదురు తగ్గకూడదని. వాడి బలమంతా ఆ బెదురే. కానీ బెదురుతున్న ప్రాణికి నిద్రెక్కడిది? పిల్లి నిద్రపోదు, అందుకని వాడూ నిద్రపోడు. ఆ రెండో ముక్క మాత్రం వాడి బుర్రకు తట్టలేదు. తనకు నిద్ర ఎందుకు రాదో తెలియక ఊళ్ళ మీద పడి అందరి నిద్రలూ కుండల్లో పట్టుకొచ్చి, గుక్కెడు తాగి మళ్ళీ గుడ్డ కట్టేవాడు. ఎన్ని తాగినా ఒక్క రెప్ప వాలేది కాదు. మంత్రాలన్నీ నేర్చినవాడికి పిల్లి సంగతి తెలియదు చూశారా.

సోమకేతుడు పిల్లి వంక చూశాడు. డొక్కలు ఎండిపోయి, చెవులు వెనక్కి అంటుకుపోయి ఉంది. తరళ రోజూ ఒక పొడుగాటి గరిటెతో ఇంత ముద్ద పంజరంలోకి విసిరేది. దగ్గరికి వెళ్ళకూడదని మాంత్రికుడి ఆజ్ఞ. తిన్నదీ విడిచిందీ ఒకే చోట, అడుగు పెట్టడానికి శుభ్రమైన జాగా లేదు. సోమకేతుడికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "దీన్ని ముందు దింపాలి" అన్నాడు. చంపాలని అనలేదు.

అప్పుడు మూటలోంచి ఎలుక తల బయటపెట్టింది. "పిల్లి సంగతి నన్నడుగు నాయనా. మా తాతముత్తాతల నుంచీ మేం కళ్ళార్పకుండా చూస్తున్నది దాన్నేగా. దాని చెవి ఎటు తిరిగిందో తెలియకపోతే మా వంశం ఏనాడో అంతరించిపోయేది." అని, వెంటనే దూలమెక్కి కూచుంది. అక్కడి నుంచే చెబుతానంది. తెలివైనదే.

పగలు కంకాళుడు నిద్రల వేటకు పోయేవాడు, పొద్దు వాలేవేళకు వచ్చేవాడు. వాడు లేనప్పుడు సోమకేతుడు పనిచేసేవాడు, వచ్చేసరికి ధాన్యం గాదెలో దాక్కునేవాడు. ముందు గొలుసు సడలించి పంజరాన్ని నేల మీద నిలిపి తలుపు తెరిచాడు. ఆ పంజరం వంక కన్నెత్తి చూసే అలవాటు కంకాళుడికి ఏనాడూ లేదు. దగ్గర కూచుని పిల్లి కళ్ళలోకి చూడబోతే, ఎలుక పైనుంచి కసిరింది. అలా గుడ్లప్పగించి చూస్తే కొట్లాటకు పిలిచినట్టు, చూసి మెల్లిగా కళ్ళు మూసి తెరువు అంది. సోమకేతుడు అలాగే చేశాడు. పాలు పోస్తానంటే వద్దంది, అది ఆశగా తాగుతుందట, తర్వాత కడుపు చెడి బాధపడుతుందట. ఉడికించిన చేపలో ముళ్ళన్నీ ఏరి, తినే గిన్నె ఒకవైపు, మంచినీళ్ళ గిన్నె దానికి దూరంగా ఇంకోవైపు పెట్టమంది. పెట్టి సోమకేతుడు పక్కకు తిరిగి కూచున్నాడు. చాలాసేపటికి గిన్నె నాకుతున్న చప్పుడు వినిపించింది.

ఆ సాయంత్రం కంకాళుడు వచ్చి మండపంలో నిలబడిపోయాడు. పొట్ట మీద చెయ్యి వేసుకుని, "తరళా, నాకు కడుపు నిండింది. నేనేం తినలేదే" అన్నాడు. తరళ చీపురు ఆపకుండా ఊడుస్తూనే ఉంది.

మరునాడు సోమకేతుడు పంజరమంతా కడిగి, బుట్టెడు ఇసుక తెచ్చి మూలన పెట్టాడు. పిల్లి తను చేసిన పని తను కప్పెట్టుకోకపోతే నామోషీతో కుమిలిపోతుందని ఎలుక చెప్పింది. ఆ ఇసుక రోజూ ఎత్తిపోసి కొత్తది పోశాడు. రాజు కొడుకై ఉండి పిల్లి ఇసుక ఎత్తాడా అంటారేమో, ఎత్తాడు. గోళ్ళు గీరుకోవడానికి మొద్దుకు కొబ్బరి తాడు చుట్టి పెట్టాడు. మెడ కింద పుండును గోరువెచ్చని నీళ్ళతో కడిగాడు. పిల్లి అదంతట అదే వచ్చి మోకాలికి తల రాసిన రోజున, వీపు మీద చెయ్యి వేశాడు. ఒంటి మీద మచ్చలు గవ్వల్లా ఉన్నాయని దానికి గవ్వ అని పేరు పెట్టాడు.

ఆ సాయంత్రం కంకాళుడు గోడలకేసి తిరిగి తిరిగి చూశాడు. "నా వీపు నిమిరిందెవరు?" అని అడిగాడు. రాతి మనుషుల కళ్ళన్నీ గాదె వైపు తిరగబోయి ఆగిపోయాయి. గాదెలో సోమకేతుడు ఊపిరి బిగబట్టాడు. కంకాళుడు గాదె దాకా వచ్చి, మూత మీద చెయ్యి పెట్టి, ఎందుకో మెత్తగా నవ్వి వెళ్ళిపోయాడు. వాడు నవ్వగా తరళ ఎన్నడూ చూడలేదు. తిట్టినప్పటి కంటే అప్పుడే ఆమెకు ఎక్కువ భయమేసింది.

మరునాడు గవ్వ సోమకేతుడి ఒళ్ళోకి ఎక్కింది. ముందుకాళ్ళతో పంచెను కాసేపు పిసికి, చుట్టచుట్టుకుని, గుర్రుగుర్రుమంటూ కళ్ళు మూసింది. సోమకేతుడి కాలు తిమ్మిరెక్కింది, అయినా కదల్లేదు. గుమ్మంలో కంకాళుడు ప్రత్యక్షమయ్యాడు. బలం జారిపోతుంటే పరుగెత్తుకొచ్చినవాడు మధ్యలో ఆగాడు. "ఇదేమిటి, నా నోరు దానంతటదే తెరుచుకుంటోంది" అన్నాడు. ఆవులింత అంటే ఏమిటో వాడు మరిచిపోయి ఎంతకాలమైందో. అక్కడే నేల మీద ఒరిగి నిద్రపోయాడు.

తరళ కుండల మీది గుడ్డలు విప్పింది. బూడిదరంగు సీతాకోకచిలుకల్లా నిద్రలన్నీ లేచి సముద్రాల మీదుగా ఏ ఊరివి ఆ ఊరికి వెళ్ళిపోయాయి. రాతి మనుషుల కళ్ళు మూతలు పడ్డాయి. అందరూ నిలబడే నిద్రపోయి, లేచేసరికి మామూలు మనుషులయ్యారు. పెద్దన్న లేస్తూనే సోమకేతుడి ఒళ్ళో పిల్లిని చూసి, ఒక్క వేటు అంటూ చేతిలో ఉన్న కత్తిని ఝళిపించాడు. ఆ చప్పుడుకు గవ్వ చెవి కదిలింది. అవతల కంకాళుడి కనురెప్ప సందు విడింది, అందులోంచి తెల్లగుడ్డు కనిపించింది.

"కత్తి దించు అన్నా" అని గొంతు తగ్గించి అన్నాడు సోమకేతుడు. "ఇది నన్ను నమ్మి నిద్రపోయింది. వాడి ప్రాణం దీనిలో ఉంటే ఉండనీ, దీని ప్రాణం మాత్రం నా ఒళ్ళో ఉంది."

సోమకేతుడి పైపంచె పరిచిన బుట్టలో గవ్వను ఇంటికి తెచ్చుకున్నారు. కంకాళుడు దీవిలో నిద్రపోతూ ఉండిపోయాడు. కలువకోటలో జనం మూడు పగళ్ళూ మూడు రాత్రుళ్ళూ గురకపెట్టి నిద్రపోయారు. లేచాక సోమకేతుడికీ తరళకూ పెళ్ళి కుదిర్చారు.

ఇక్కడే జరిగింది పొరపాటు. పెళ్ళంటే తెలుసుగా, ఎవరి హడావుడి వాళ్ళది. గవ్వకు అన్నం రాణి పెట్టి ఉంటుందని తరళ అనుకుంది, తరళ పెట్టి ఉంటుందని సోమకేతుడు అనుకున్నాడు, పనివాళ్ళు పెట్టి ఉంటారని రాణి అనుకుంది. డప్పులు మోగాయి, బాణాసంచా పేలింది, గవ్వ ఎటో పారిపోయింది. ఎవరూ చూడలేదు.

మిట్టమధ్యాహ్నం ముహూర్తం. సోమకేతుడు మంగళసూత్రం చేతికి తీసుకుంటుండగా పందిరి చివర డప్పు ఒకటి ఆగిపోయింది. తర్వాత ఇంకోటి. చూస్తే వాయించేవాళ్ళు వాయించే భంగిమలోనే రాయైపోయి ఉన్నారు, కళ్ళు మాత్రం తిరుగుతున్నాయి. వాళ్ళ మధ్య నుంచి నల్ల కంబళి కప్పుకుని కంకాళుడు నడిచి వస్తున్నాడు.

"నాకు ఆకలేస్తోంది నాయనా" అన్నాడు. "పొద్దుటి నుంచి నాకెవరూ అన్నం పెట్టలేదు. ఎత్తున ఎక్కడో ఉన్నాను, కాళ్ళు వణుకుతున్నాయి. అంతా గుర్రాల వాసన."

సోమకేతుడు తల దించుకున్నాడు. భయంతో కాదు, సిగ్గుతో. మంగళసూత్రం తరళ చేతిలో పెట్టి, వంటశాలలో ఒక చేప అందుకుని, గుర్రాలశాలకు పరుగెత్తాడు. వెనక నుంచి అడుగుల చప్పుడు వస్తూనే ఉంది. గుర్రాలశాల పైకప్పు కింద, దూలం మీద, గవ్వ ఒళ్ళంతా రోమాలు నిక్కబొడుచుకుని కూచుని ఉంది. నిచ్చెన వేసి లాగెయ్యొచ్చు. కానీ లాగితే ఇంకా బెదురుతుందని వాడికి ఇప్పుడు ఎలుక చెప్పక్కర్లేదు. కింద గడ్డిలో కూచుని, చేపలో ముళ్ళు ఏరడం మొదలుపెట్టాడు. కంకాళుడు వచ్చి వెనక నిలబడ్డాడు. చల్లటి చెయ్యి సోమకేతుడి మెడ మీద పడింది. మెడ దగ్గర చర్మం గట్టిపడడం తెలుస్తూనే ఉంది. వాడు ముళ్ళు ఏరుతూనే, పైకి చూసి మెల్లిగా కళ్ళు మూసి తెరిచి, "తప్పు నాదే గవ్వా, రా" అన్నాడు.

గవ్వ దూలం దిగింది. గుర్రం వీపు మీదికి, అక్కడి నుంచి గడ్డిలోకి, అక్కడి నుంచి వాడి ఒళ్ళోకి వచ్చింది. తిన్నది. మూతి తుడుచుకుంది. గుర్రుగుర్రుమంది. మెడ మీది చెయ్యి మెల్లిగా బరువెక్కి, జారిపోయింది. కంకాళుడు గడ్డిలో ముడుచుకుని పడుకున్నాడు. పందిట్లో రాళ్ళయినవాళ్ళు మళ్ళీ మనుషులయ్యారు, పెళ్ళి మాత్రం డప్పుల్లేకుండానే జరిగింది.

ఆ తర్వాత సోమకేతుడు రాజయ్యాడు, తరళ రాణి అయింది, చాలాకాలం ఏలారు. ఎన్ని పనులున్నా గవ్వ గిన్నె, గవ్వ ఇసుక రాజే చూసుకునేవాడు, ఊరెళితే తరళ చూసుకునేది, ఎవరో చూస్తారులే అన్న మాట మాత్రం ఆ ఇంట్లో మళ్ళీ వినబడలేదు. కంకాళుణ్ణి తూర్పు గదిలో మంచం మీద పడుకోబెట్టారు. ఎలుక మాత్రం కలువకోటకు వచ్చినా దూలం దిగలేదు, స్నేహం స్నేహమే, పిల్లి పిల్లే అనేది.

గవ్వ ముసలిదైంది. పళ్ళు ఊడితే చేప మెత్తగా నలిపి పెట్టాడు. మెట్లెక్కలేకపోతే ఎత్తుకుని తిరిగాడు. ఒక పొద్దున్న వాడి ఒళ్ళోనే గుర్రుగుర్రుమంటూ, ఆ చప్పుడు సన్నగిల్లి సన్నగిల్లి ఆగిపోయింది. తూర్పు గదిలో ఊపిరి కూడా అప్పుడే ఆగింది. మాంత్రికుడు చచ్చాడని ఊరంతా పండగ చేసుకుంది. రాజు మాత్రం గిన్నె ముందు కూచుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

కథ అయింది. ఇక మీ కళ్ళు మూతలు పడుతున్నాయి, నాకు తెలుసు. కానీ ముందు వెళ్ళి, మన పిల్లి గిన్నెలో నీళ్ళున్నాయో లేవో చూసి రండి. ఎవరో ఒకరు పోసే ఉంటారని మాత్రం అనకండి.