మంత్రిగారి పెరట్లో కోళ్లు

రాజుల పేర్లు ఎవరికీ గుర్తులేనంత పాతకాలంలో, బుట్టలల్లే గవరయ్య పందెంకోడి మాయమైంది. దాని ఈకలు మంత్రిగారి పెరట్లో తేలాయి. మంత్రిని విచారించాలని కొందరు, అంతటివాణ్ణి బోనెక్కిస్తే రాజ్యం పరువేం కానని చాలామంది సభలో అరుచుకున్నారు. రాజు చాలామంది వైపే మొగ్గాడు.

కోడి ఎలాగూ పులుసైపోయింది, న్యాయమూ ఆవిరయ్యేలా ఉందనుకున్నాడు గవరయ్య.

"నాది మట్టిబుర్ర ప్రభూ. విచారణ వద్దన్నవాళ్లు తమ కోళ్లను ఈ పూటకి మంత్రిగారి పెరట్లో వదిలితే, నేనూ నోరు మూసుకుంటాను."

రాజు సరేనన్నాడు. సాయంత్రమైనా పెరట్లోకి ఒక్క కోడీ రాలేదు. అందరికన్నా గట్టిగా అరిచిన మంత్రిగారి అత్తగారు సైతం పెట్టను చంకలో బిగించి గుమ్మంలోనే ఆగి, గవరయ్యతో అంది.

"మా అల్లుడు బంగారం నాయనా. ఈ కోడికే ఆయన మీద నమ్మకం లేదు."

ఆ మాట చెవినపడ్డ రాజుగారికి కోడి అభిప్రాయమే సబబనిపించింది. మర్నాడే మంత్రి బోనెక్కాడు.