రెండో తూటా

గెడ్డవలస జమీలో వేట ముగిసి జనమంతా పడిన జంతువు చుట్టూ మూగితే, మస్తాన్ బేగ్ మాత్రం గడ్డిలో వంగి ఖాళీ తూటాలు ఏరుకునేవాడు. జమీ తుపాకుల కొట్టుకు ఆయనే ఉస్తాదు. గుండు పోయాక మిగిలిన ఇత్తడి తొడుగును వేళ్ళ మధ్య తిప్పి, దాని అడుగు చూసి, జేబులో వేసుకునేవాడు. పులి ఎంత పొడుగుందో ఆయనకు ఏనాడూ పట్టలేదు. ఆ తొడుగుల్లోనే మళ్ళీ మందు పోసి కొత్త గుండు బిగిస్తారు కనుక, ఇదంతా పిసినారితనమని చాలామంది నవ్వుకునేవారు. శిష్యుడు అప్పలాచారి కూడా చాలాకాలం అలాగే అనుకున్నాడు.

ఒక వేసవిలో కొండ దిగువ ఊళ్ళ మీద పడ్డ చిరుత ఒకటి మనిషి రక్తం మరిగింది. పశువుల కాపరిని ఎత్తుకుపోయాక, దాన్ని కొట్టే పని దొరవారు సోమన్నకు అప్పగించారు. సోమన్న జమీ వేటగాడు. మంచె మీద కూర్చునే రకం కాదు, కాలినడకన జాడ పట్టి పోయే మనిషి. అతనికి తూటాలు కట్టే పనిని ఉస్తాదు మొదటిసారి అప్పలాచారి చేతికి వదిలాడు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడు కదా, తెల్లారేసరికే ముగించేశాడు. అంతటితో ఊరుకున్నా బాగుండేది. దెబ్బ గట్టిగా తగిలితే సోమన్నకు ఢోకా ఉండదని, ఉస్తాదు చెప్పిన కొలత మీద మందు కాస్త పెంచాడు. ప్రేమకొద్దీ చేసిన పనే. పొద్దుటి చల్లదనంలో, సోమన్న తీసుకుపోయే రైఫిల్లోనే కొన్ని పేల్చి చూస్తే గుండ్లన్నీ ఒక్కచోటే దిగాయి. కుర్రాడు మురిసిపోయాడు.

అయినా లోపల ఏదో గుచ్చుకుంటూనే ఉంది. ఉస్తాదు నమాజు ముగించుకుని రాగానే అడిగాడు.

"ఉస్తాదు బాబూ, మందు మితిమీరిందని తూటా ఏ గుర్తుతో సెప్తాది? ఒక్క గుర్తు సెప్పండి సాలు, ఇంక మర్సిపోను."

"ముందు నువ్వేటి సూసినావో సెప్పు."

అప్పలాచారి ఏదీ దాచలేదు. తొడుగు అడుగున మందుకు నిప్పందించే చిన్న టోపీ నలిగి చదునైంది. ఈసారి వచ్చిన సరుకు మెత్తనిదని చెప్పాడు. టోపీ పక్కన ఇత్తడి మీద మెరుస్తూ ఒక నొక్కు పడింది. రైఫిలు పాతదని చెప్పాడు. పేల్చాక రైఫిలు వెనక మూసి ఉండే బోల్టు ఎత్తడానికి అరచేత్తో కొట్టవలసి వచ్చింది. దుమ్ము పట్టి ఉంటుంది, తుడిస్తే పోతుందన్నాడు. దేనికదే విడిగా చూస్తే అందులో ఒక్కటీ కొట్టిపారేయవలసిన మాట కాదు.

ఉస్తాదు ఆ తూటాలు తెమ్మన్నాడు. వేసవిలో సోమన్న నడుముకు కట్టుకున్న తూటాలు ఎంత కాగుతాయో అంత కాగేలా, మిగిలిన వాటిలో ఒకదాన్ని పెరట్లో బండ మీద ఎండలో పెట్టాడు. పొద్దు నడినెత్తికి వచ్చేదాకా నీడన కూర్చుని వక్క నమిలాడు. ఆ తరువాత రైఫిల్ని దుంగకు బిగించి, ఆ తూటా పెట్టి, మీటకు తాడు కట్టి, శిష్యుణ్ణి మట్టిగోడ చాటుకు తీసుకుపోయి తాడు లాగాడు. కొట్టు పైకప్పు మీది కాకులన్నీ లేచిపోయాయి.

"బోల్టు తియ్యి."

పాత తొడుగు బయటికి రావాలన్నా, రెండో తూటా లోపలికి పోవాలన్నా ఆ బోల్టే తెరుచుకోవాలి. అప్పలాచారి ఎత్తాడు, రాలేదు. అరచేత్తో కొట్టాడు. రెండు చేతులా పట్టుకుని ఊగాడు. చెమట కళ్ళలోకి దిగింది గాని, ఎండకు జోరెక్కిన మందు తొడుగును ఉబ్బించి బిగించేయడంతో బోల్టు కదల్లేదు. చివరికి చెక్క సుత్తి అందుకున్నాడు.

"ఆ సుత్తి కూడా సోమన్నకిచ్చి పంపు," అన్నాడు ఉస్తాదు. "సిరత మీదకొచ్చినప్పుడు, టోపీ మెత్తనిది, రైఫిలు పాతది, దుమ్ము పట్టిందని దానికి సెప్పుకుంటాడు."

అప్పలాచారి సుత్తితో కొట్టి బోల్టు తెరిచి, సుత్తి కింద పెట్టేశాడు. కసురుకుంటే ఓర్చుకునేవాడే. ఉస్తాదు గొంతు పెంచనైనా లేదు, అందుకే ఏడుపొచ్చింది. ఉస్తాదు రైఫిల్ని విప్పి, బోల్టునీ గొట్టాన్నీ అణువణువూ పరీక్షించి, బాగానే ఉందని తేల్చేదాకా శిష్యుడు పక్కన నిలబడే ఉన్నాడు. తరువాత తను కట్టిన తూటాలన్నీ పీకి, ఆ మందు పారబోసి, తక్కువ కొలత నుంచి మళ్ళీ మొదలుపెట్టాడు. ఎండలో కాచి, పేల్చి, ప్రతి తొడుగు అడుగూ చూశాడు. ఈసారి ఏ గుర్తుకూ సాకు వెతకలేదు. బోల్టు చిటికెన వేలితో లేచే కొలత దగ్గర ఆగి, సోమన్నకు తూటాలు అందించాడు.

కొన్నాళ్ళకు చిరుతను కర్రకు కట్టి డప్పులతో మోసుకొచ్చారు. సోమన్న భుజం మీద గోళ్ళ గీతలు ఎండి ఉన్నాయి. మొదటి గుండు పక్కటెముకల మీదుగా జారిపోతే చిరుత ఎదురుతిరిగి దూకిందని, రెండో గుండుతో దాన్ని పడగొట్టానని అతనే చెప్పాడు. రొంటిన దోపుకున్న ఖాళీ తూటాలు రెండూ తీసి ఉస్తాదు చేతిలో పెట్టాడు. ఉస్తాదు వాటి అడుగులు చూసి, ఒకదాన్ని అప్పలాచారి అరచేతిలో ఉంచి, కొట్టు వైపు తిరిగాడు.

"సిరతని సూడరేటి ఉస్తాదు బాబూ?" అన్నాడు అప్పలాచారి.

"రెండో తూటా సూసినాను కదరా," అన్నాడు ఆయన.