కడసీలలు దాచిపెట్టిన నక్క

కొండ మీది అడవిలో చింతపండు, కుంకుళ్లు, తేనె పుష్కలంగా దొరుకుతాయి. కొండ కింద ఉప్పు పండించే కొటార్లున్నాయి. పైవాళ్లకు ఉప్పు కావాలి, కిందివాళ్లకు చింతపండు కావాలి. మధ్యలో కనుమ దారి ఒక్కటే ఉంది. అందుకని ఆ అడవిలో కాస్త సత్తువ ఉన్న ప్రతి జంతువూ తన బండి తానే కట్టుకుని, తానే లాక్కుంటూ బతికేది. బండీ తనదే, మెడా తనదే.

కాకపోతే ఒంటిబండివాడికి ఏ వర్తకుడూ సరుకు ఎత్తడు. "నీ వెనక ఎవరున్నారు?" అని అడుగుతాడు. వెనక ఎవరో ఒకరుండాలి కాబట్టి సొంత బండి ఉన్నవాడు కూడా ఏదో ఒక రవాణా కంపెనీలో చేరక తప్పదు. అలాంటి కంపెనీలు అక్కడ రెండున్నాయి. ఒకటి నక్క నాగభూషణానిది, ఇంకొకటి ఎలుగుబంటి ఎర్రయ్యమ్మది.

ఎద్దు సింహాద్రి అప్పుడే ఒంటెద్దు బండి ఒకటి పూర్తి చేశాడు. ఎన్నో వానాకాలాలు పరాయి బండ్లు లాగి, కడుపు కట్టుకుని, చక్రాలకు ఒక్కో ఆకు, ఒక్కో కమ్మీ కూడబెట్టి చేసుకున్న బండి అది. అది పోతే మళ్లీ ఇంకోటి చేసుకునే వయసు అతనికి లేదు. అందుకే ఎవరి దగ్గర చేరాలో రెండు చోట్లా కనుక్కుందామని బయలుదేరాడు.

ముందు ఎర్రయ్యమ్మ దగ్గరికి వెళ్లాడు. ఆమె పొద్దున్నే తేనెపట్టుతో తగువు పడి, ముక్కు వాచి, చిరాకుగా కూర్చుని ఉంది.

"ఏట్రా?" అంది.

"నీ దగ్గర చేరదామని వచ్చేను పిన్నీ. పని ఎలాగుంటాదో సెప్తావేటి?"

"ఎలాగుంటాది, నడుం ఇరుగుతాది. వానలొస్తే పని ఉండదు. కింద తిరుగు సరుకు ఒక్కోసారి దొరకదు. దొరకదని తెలిస్తే బయలెల్లకముందే సెప్తాను, ఎల్లాలో మానాలో నీ ఇష్టం. పాడు సరుకు మొయ్యనంటే మొయ్యక్కర్లేదు. మానెయ్యాలనుకుంటే మానెయ్, సెప్పి మానెయ్. అంతే."

"మరి మాకేటి ఇస్తావు? గంటలూ, రంగులూ..."

"నాకే రంగు నేదు, నీకేటిస్తాను! ఎల్లెల్లు, నా ముక్కు మండతంది."

సింహాద్రికి మనసు చివుక్కుమంది. కూర్చోమనైనా అనలేదే అనుకుంటూ నక్క కంపెనీకి నడిచాడు.

అక్కడి మర్యాదలు ఎంత చెప్పినా తక్కువే. గేటుకు మామిడి తోరణం. లోపల తొట్టినిండా తవుడు కలిపిన కుడితి. నాగభూషణం స్వయంగా ఎదురొచ్చాడు.

"రండి సింహాద్రి గారూ, రండి! ఇన్నాళ్లకు మా గేటు మీకు కనిపించిందా? మాలో చేరినవాళ్లు మాకు పనివాళ్లు కారండీ, భాగస్వాములు. మీ బండికి మీరే రాజు. మేం మీ వెనక నిలబడతాం, అంతే."

"కింద తిరుగు సరుకు దొరుకుతాదా అండీ?"

"దొరకడమేమిటండీ, మీ కోసం కాచుకుని కూర్చుంటుంది."

"నచ్చకపోతే మానెయ్యొచ్చా?"

"మానేస్తానన్నవాడు ఇంతవరకు ఒక్కడు లేడు. కావాలంటే కనుక్కోండి." నక్క మీసం దువ్వుకున్నాడు. "ఒక్క చిన్న పద్ధతి మాత్రం ఉంది. గేటు దగ్గర మీ కడసీలలు మాకు ఇచ్చేయాలి. మీ బండి దొంగలపాలు కాకుండా మా జాగ్రత్త అన్నమాట. సరుకు ఎత్తినప్పుడు ఇస్తాం, దించగానే తీసుకుంటాం. ఇనప్పెట్టెలో భద్రంగా ఉంటాయి. బదులుగా మీ మెడకు ఇత్తడి గంట!"

ఇరుసు చివర చక్రం జారిపోకుండా కొట్టే మేకే కడసీల. చండ్ర చేవతో చెక్కి, కందెన పట్టించిన నల్లటి కర్రముక్క, బొటనవేలంత ఉంటుంది. అది లేని బండి నాలుగడుగులు వేసేసరికి చక్రం ఊడి పక్కకు పోతుంది. బండి నీదే, చక్రాలు నీవే, ఆ బొటనవేలంత ముక్క మాత్రం మా దగ్గర ఉంటుందట! ఈ మాట విని ఆ అడవిలో ఎంతమంది తలూపి, గంట కట్టించుకుని, మురిసిపోయారో తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

సింహాద్రి కూడా సగం తల ఊపాడు. అంతలో ఒక సంగతి గుర్తొచ్చింది.

"మా ఇంటిపక్క గాడిద పైడమ్మ మీ దగ్గరే కదండీ చేరింది? ఎండలు ముదరకముందు కిందికి దిగింది, ఇంకా రానేదు."

"పైడమ్మ గారా! ఆవిడకు క్షణం తీరికుంటే కదండీ. అంత పని! ఇల్లే మరిచిపోయారు."

పైడమ్మకు పాలు తాగే కూన ఉంది. దాన్ని పొరుగున దించి వెళ్లింది. అలాంటి తల్లి ఇల్లు మరిచిపోయిందంటే సింహాద్రి మెదడుకు ఎక్కలేదు. "రేపొచ్చి చేరతానండీ" అని చెప్పి, బండి ఇంట్లోనే వదిలేసి, ఉత్త కాళ్లతో కనుమ దిగాడు. అతను తెలివిగా చేసిన పని అదొక్కటే, కానీ అదే చాలింది. కంపెనీ ఎలాంటిదో సరుకు ఎత్తే చోట తెలియదు. ఎత్తే చోట అందరూ నవ్వుతూనే ఉంటారు. తెలిసేది దించే చోట.

ఉప్పు కొటార్ల వెనక నక్క కంపెనీ బండ్లు వరసగా వాలిపోయి ఉన్నాయి. కడసీలలు లేక చక్రాలు పక్కకు ఒరిగాయి. నీడ లేదు. బండ్ల పక్కన దున్నలు, గుర్రాలు, గాడిదలు ఉప్పుగాలికి కళ్లు మండి, తలలు వేలాడేసుకుని నిలబడి ఉన్నాయి. మెడల్లో ఇత్తడి గంటలు మాత్రం మెరుస్తున్నాయి. చివర పైడమ్మ కనిపించింది. పక్కటెముకలు బయటపడ్డాయి.

"అక్కా! ఇదేటి నీ వాలకం?"

పైడమ్మ అతన్ని చూసి బావురుమంది. "తిరుగు సరుకు రేపొస్తాది, రేపొస్తాది అంటన్నారు తమ్ముడూ. కుళ్లిన చేపలెరువు ఎత్తమన్నారు, నా వల్ల కాదన్నాను. ఆరోజు నుంచీ నా వంతు వరస చివరికి నెట్టేసేరు. ఇక్కడ గడ్డి కొట్టు కూడా ఆ నక్క బావమరిదిదే. నా కూన ఎలాగుంది?"

"బాగుంది, నిన్నే కలవరిస్తంది. ఇంటికొచ్చీయొచ్చు కదా?"

"కడసీలలు ఏవి? ఇక్కడి కోతి గుమాస్తాని అడిగితే పై ఆఫీసులో ఉన్నాయంటాడు. పైనున్నోళ్లు కింద ఆఫీసులో ఉన్నాయంటారు."

"పోనీ కొత్తవి సెక్కుకో."

"కొత్త సీలలున్న బండి దొంగ బండని ఊరూరా సాటింపు ఏయించేడు. ఏ వర్తకుడూ దగ్గరికి రానివ్వడు. దొంగదన్న పేరుతో నా కూన ముందు ఎలా నిలబడను?" ఆమె గొంతు తగ్గించింది. "ఇంకో మాట సెప్పనా? మొన్న నాగభూషణం తన పొట్టేళ్ల బండిలో వచ్చేడు. ఆ బండికున్నవి నా కడసీలలే. నా పంటితో పెట్టుకున్న గాట్లు నాకు తెలీవేటి?"

"ఇనప్పెట్టిలో ఉంటాయన్నాడే!"

"ఆడికి నచ్చినవి ఆడు వాడుకోడానికే ఆ పెట్టి. నావి పాతబడితే ఇంకెవరివో తీసి తగిలిస్తాడు. కొత్తవీ, సోకుగున్నవీ కనబడితే ఆడికి సెయ్యి ఆగదు."

సింహాద్రి సాధువే. కానీ ఆ మాట విన్నాక అతని ముక్కుపుటాలు అదిరాయి. పాలిచ్చే తల్లిని ఎండలో నిలబెట్టి, ఆమె ఒళ్లు దాచుకోకుండా చేసుకున్న సీలలు తన బండికి తగిలించుకుని ఊరేగుతాడా? అప్పటికప్పుడే పైకి వెళ్లి నక్కను కుమ్మేద్దామనుకున్నాడు. కుమ్మితే నక్క చస్తాడు గానీ నిజం బయటికి రాదు. వాడి నోటితోనే వాడి దొంగతనం చెప్పించాలని నిశ్చయించుకున్నాడు.

మర్నాడు సింహాద్రి ఆముదపు కర్ర నరికి కడసీలలు చెక్కాడు. ఆ కర్ర లోపలంతా గుల్ల. తలల మీద చిలకలు చెక్కాడు. కందెన, దీపం మసి కలిపి నిగనిగలాడేలా రుద్దాడు. ఎర్ర దారం కుచ్చులు కట్టాడు. బండివాడెవడైనా చేతిలోకి తీసుకుంటే ఆ తేలికకే తేడా పట్టేస్తాడు. నాగభూషణం ఏనాడైనా ఇరుసు ముట్టినవాడా ఏమిటి!

అసలు సీలలతో బండిని గేటు దాకా తెచ్చి, మలుపు చాటున వాటిని గడ్డి మూటలో దాచి, ఆముదపువి తగిలించి, మెల్లగా లోపలికి నడిచాడు. ఆ రోజు ఉప్పు వర్తకుడు కొంగ కూడా లెక్కలు మాట్లాడడానికి వచ్చి ఉన్నాడు. చుట్టూ బండ్లవాళ్లున్నారు.

చిలకల సీలలు చూసి నక్క కళ్లు పెద్దవయ్యాయి. "అబ్బ, ఏం పనితనం! ఇలా ఇవ్వండి, ఇలా ఇవ్వండి."

"ఇస్తాను గానీ నాగభూషణం గారూ, నాకొక మాట కావాలండీ. ఈటిని ఎవరూ వాడకూడదు."

"ఛ, ఛ! ఎంత మాట!"

"అందరి ముందూ ఒట్టెయ్యండి."

నక్క గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "ఈ సీలలు నా ఇనప్పెట్టె దాటితే, నా సొంత బండి నడిదారిలో కూలిపోవాలి! చాలా?"

"సాలండీ" అని సింహాద్రి వెనక్కి జరిగాడు. అతని మెడలో గంట కట్టారు.

మరుసటి రోజు చింతపండు బండ్లు కిందికి దిగాలి. దొడ్లో పై ఆఫీసు గుమాస్తా సింహాద్రికి సరుకు ఎత్తించి, సీలలు ఇవ్వడానికి పెట్టె వెతికి తెల్లముఖం వేశాడు. "ఇక్కడే ఉండాలే" అని గొణిగాడు. "తొందర నేదండీ" అన్నాడు సింహాద్రి. గుమాస్తా అటు తిరగగానే గడ్డి మూటలోంచి తన సీలలు తీసి తగిలించుకున్నాడు.

అందరికంటే ముందు నాగభూషణం పొట్టేళ్ల బండి బయలుదేరింది. పక్కన మర్యాదకు కొంగను కూర్చోబెట్టుకున్నాడు. చక్రాలకు ఎర్ర కుచ్చులు ఊగుతున్నాయి. "చూశారా, మా కంపెనీ దర్జా" అంటున్నాడు. కనుమ దిగినంతసేపూ దారి మెత్తగానే ఉంది. కొటార్ల ముందు వంపు తిరిగేచోట బండి ఒరిగింది, బరువంతా ఒక చక్రం మీద పడింది, ఆముదపు కర్ర ఫట్టుమంది. చక్రం తన దారిన తాను పోయింది. కొంగ రెక్కలు విప్పుకుని ఎగిరిపోయాడు. నాగభూషణానికి రెక్కలు లేవు కాబట్టి ఉప్పుమడి బురదలో తలకిందులుగా దిగాడు.

అక్కడ ఎండలో నిలబడ్డ బండ్లవాళ్లందరూ మూగారు. నక్క బురద కక్కుతూ లేచి, వెనక వస్తున్న ఎద్దును చూసి అరిచాడు.

"సింహాద్రీ! దొంగవెధవా! కుళ్లిపోయిన సీలలు ఇస్తావా నాకు? నా బండి కూలిపోయింది!"

సింహాద్రి నెమ్మదిగా బండి ఆపాడు.

"నా సీలలు తమరి ఇనప్పెట్టిలో ఉన్నాయి కదండీ. తమరి బండికి ఏటయినా నాకేటి సంబంధం?"

నక్క మీసాలకంటిన బురద తుడుచుకుంటూ ఒక అడుగు వెనక్కి వేశాడు.

కొంగ ఒంటికాలి మీద వాలి, తల పక్కకు వంచి చూశాడు. "నిన్న నా ఎదుటే ఒట్టేశారు కదండీ నాగభూషణం గారూ?"

పైడమ్మ జనంలోంచి ముందుకు తోసుకొచ్చింది. "ఆడి సీలలు నీ బండికి ఎలాగొచ్చేయి? నావి ఏవి? పాలు తాగే కూనని ఒగ్గేసి నీ గుమ్మం ముందు పడుండేను, నా సీలలతో నువ్వు ఊరేగేవు! పైన ఉన్నాయి, కింద ఉన్నాయి అని నన్ను తిప్పేవు! నేను దొంగనా, నువ్వు దొంగవా? అందరూ ఇనేలా సెప్పు!"

దున్నలు అడుగు ముందుకు వేశాయి. నక్క తోక ముడిచి కొటార్ల సందులోంచి పరుగు తీశాడు. వాడి బావమరిది గడ్డి కొట్టు తలుపులు వేసుకుని పారిపోయాడు. కోతి గుమాస్తా గదిని దున్నలు తన్ని తెరిస్తే, సీలలు కుప్పగా దొరికాయి. కొన్ని అక్కడే ఉన్న నక్క సొంత కట్టెల బండ్లకు తగిలించి ఉన్నాయి. పైడమ్మ తన పంటిగాట్లున్న రెండూ ఏరుకుని, నోట కరుచుకుని, ఏడుస్తూనే వెళ్లి ఇరుసుకు కొట్టుకుంది. మెడలో గంట తెంపి ఉప్పుమడిలోకి విసిరేసింది.

ఆ సాయంత్రం కొంగ ఉప్పంతా ఎర్రయ్యమ్మ పేరున ఎత్తించాడు. బండ్లన్నీ కనుమ ఎక్కి ఆమె వాకిట్లో ఆగాయి. ఆమె ముక్కు వాపు ఇంకా తగ్గలేదు.

"ఇంతమందేట్రా?" అంది చిరాగ్గా.

"నీ దగ్గర చేరతాం పిన్నీ. మరి కడసీలలు..." అన్నాడు సింహాద్రి.

"ఆ, కడసీలలు?"

"నీకు ఇవ్వక్కర్లేదా?"

ఎర్రయ్యమ్మ వాళ్లందరి వంకా వెర్రివాళ్లను చూసినట్టు చూసింది. "మీ సీలలు నాకెందుకర్రా? నాకు కావలసింది నడిసే బండి."

పైడమ్మ ఆ మాట పూర్తిగా వినలేదు. చీకటి పడకముందే కూన దగ్గరికి చేరాలని అప్పటికే బండి తిప్పేసింది. వద్దని ఆపినవాళ్లు అక్కడ ఎవరూ లేరు.

బండి నీదే అంటూ కడసీల అడిగేవాడి తవుడు తినకు; వాడితో పనిచేసేవాళ్లు సరుకు దించాక ఎలా నిలబడి ఉన్నారో ముందు వెళ్లి చూడు.