సింహం ముందు విస్తరి

అనగనగా ఒక ఊళ్ళో... ఊరు కాదర్రా, ఊరికంటే కాస్త పెద్దది, ఒక బుల్లి రాజ్యం. దానికి గండభైరవుడని ఒక రాజు. మంచివాడేగానీ మర్యాదల పిచ్చి. రాజు లేస్తే మంత్రి లేవాలి, మంత్రి లేస్తే సేనాపతి లేవాలి, సేనాపతి లేస్తే సభంతా లేవాలి. తనకి సాటి రాజెవరైనా వస్తే మాత్రం ఈయనే లేచి, రెండు చేతులూ జోడించి ఎదురెళ్ళాలి. వాళ్ళ తాతల నాటినుంచీ అంతే. ఊ కొడుతున్నారా? బాచీ, దుప్పటంతా లాక్కోకు, అక్కకీ ఉండనీ.

ఆ రాజుకి ఒక కోరిక పుట్టింది. సముద్రానికి అవతల ఆఫ్రికా అని ఉందట, అక్కడ సింహాలు బోనుల్లో కాకుండా వాటి ఇళ్ళల్లో అవి తిరుగుతాయట, చుట్టపుచూపుగా వెళ్ళి చూసొద్దాం అన్నాడు. ఆ అడవులు తెలిసిన జుమా అనే మనిషిని పిలిపించాడు. ఏర్పాట్లన్నీ కోడలు పేరిందేవికి అప్పజెప్పాడు. పాపం, ఆవిడకి ఇంకా పాలు మానని పిల్లాడు. వాణ్ణి దాదికి వదిలి, మొగుడితో, మామగారితో తనూ వెళ్ళాలి.

ఏ రోజు ఓడెక్కాలి, ఎన్ని జాడీల ఆవకాయ కట్టాలి, ఎన్ని అప్పడాలు పెట్టాలి అని పేరిందేవి జుమాని అడిగింది. అతను అన్నీ విని, ఇదంతా సరే తల్లీ, మీవాళ్ళకి కూర్చోవడం వచ్చా అన్నాడు. ఆవిడకి నవ్వొచ్చింది. కూర్చోవడం రానివాళ్ళు ఎవరుంటారు నాయనా అంది.

జుమా నవ్వలేదు. అక్కడ తలుపుల్లేని జీపులో వెళ్ళాలట. (రాజుల కాలంలో జీపెక్కడిదని అడక్కు రేణూ, ఇది నా కథ.) సింహానికి జీపూ, జీపులో మనుషులూ అంతా కలిసి ఒకే పెద్ద జంతువులా కనిపిస్తుందట. అందుకని పక్కనించే పోతుంది, ముట్టుకోదు. కానీ ఒక్కరు లేచి నిలబడ్డారా, అప్పుడు దానికి మనిషి కనిపిస్తాడు. ఇక అంతే.

సరే, ఒకసారి చేసి చూద్దామని పెరట్లో నాలుగు బల్లలు వేశారు. అదే జీపు. రాజు, మంత్రి, సేనాపతి, యువరాజు, పేరిందేవి కూర్చున్నారు. ఒక పొట్టేలు మెడకి కొబ్బరిపీచు జూలు కట్టి తోలుకొచ్చారు. అది చూసి మంత్రి ఊరుకున్నాడా, అలవాటు కొద్దీ, "మృగరాజుగారు వేంచేస్తున్నారహో!" అని అరిచాడు.

ఇంకేముంది! ‘రాజు’ అన్న మాట చెవినపడగానే రాజు లేచి చేతులు జోడించాడు. రాజు లేస్తే మంత్రి లేచాడు, మంత్రి లేస్తే సేనాపతి లేచాడు, సేనాపతి లేస్తే యువరాజు లేచాడు. మామగారు నిలబడితే కోడలు కూర్చుంటుందా, పేరిందేవీ లేచింది.

జుమా ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి భుజం ముట్టుకున్నాడు. చచ్చారు, చచ్చారు, చచ్చారు, చచ్చారు. చివరికి పేరిందేవి ఎదురుగా నిలబడి, "నువ్వూనమ్మా" అన్నాడు.

గుమ్మంలో దాది చంకనున్న పిల్లాడు ఆట అనుకుని చప్పట్లు కొట్టాడు. పేరిందేవి వెళ్ళి వాణ్ణి ఎత్తుకుంది.

రెండోరోజు రాజు లేవనని ఒట్టేశాడు. పొట్టేలొచ్చింది, లేచాడు. మూడోరోజు నడుముకి తాడు కట్టించుకున్నాడు. బల్లతో సహా లేచాడు! నేను లేవలేదే, కాళ్ళు లేచాయే అమ్మాయ్, అన్నాడు. ఆయన భయపడుతున్నాడని తెలిసింది పేరిందేవి ఒక్కదానికే. మానేద్దామంటే అందరికీ చెప్పుకున్నాను, తల కొట్టేసినట్టుంటుంది అంటాడు. ఓడకి ఇంకా నాలుగు రోజులే. ఆవిడకి ముద్ద దిగడంలేదు. పిల్లాడు నవ్వినా భయమే, ఏడ్చినా భయమే.

ఆ మర్నాడు రాజు భోంచేస్తుండగా పక్కరాజ్యం రాజుగారు రానే వచ్చారు. వడ్డిస్తున్న పేరిందేవి, ఇదిగో లేస్తాడు అనుకుంది. కానీ రాజు లేవలేదర్రా! ఎందుకు లేవలేదు? విస్తట్లో చెయ్యి పెట్టినవాడు మధ్యలో లేవకూడదు కదూ! అదీ తాతల నాటి మర్యాదే. తల ఊపి, తినడం కానిచ్చాడు.

పేరిందేవి అప్పటికప్పుడు పులిహోర పులుసుకని చింతపండు నానబెట్టింది.

ఓడెక్కారు, దిగారు, జీపెక్కారు. మధ్యాహ్నం ఎండలో పసుపుపచ్చ గడ్డి, ఎటుచూసినా అదే. అందరి ఒళ్ళోనూ విస్తరి, విస్తట్లో పులిహోర. గడ్డి కదిలింది. వచ్చింది. నిజం సింహం. జూలు నిండా ఈగలు. వాసన ముందొచ్చింది, తర్వాత అది వచ్చింది. పోతుందనుకుంటే పోలేదు, జీపు నీడలో పడుకుంది. రాజు చెయ్యి చాపితే అందేంత దగ్గర!

రాజు మోకాళ్ళు కదిలాయి. చెయ్యి విస్తట్లో ఉంది. ఆగాయి. ఒక ముద్ద తిన్నాడు. సింహం చూసింది. మళ్ళీ కదిలాయి. ఇంకో ముద్ద. తరిగిపోతోందర్రా పులిహోర! గుప్పెడైంది, చిటికెడైంది, చివరికి ఒక్క పల్లీబద్ద మిగిలింది. వడ్డిద్దామంటే వడ్డించేవాళ్ళు లేవాలాయె. ఆ పల్లీబద్దని రాజు నోట్లో వేసుకుని నములుతూనే ఉన్నాడు. కళ్ళల్లో నీళ్ళు.

అప్పుడు పేరిందేవి మెల్లిగా, చాలా మెల్లిగా, తన విస్తరి ఆయన ఒళ్ళోకి జరిపింది. ఒక్క మెతుకైనా ముట్టలేదు. "ఎంగిలి కాదు మామయ్యగారూ, తినండి" అని గాలిలా అంది. ఆయన చెయ్యి పెట్టాడు. మెతుకు తర్వాత మెతుకు, మెతుకు తర్వాత మెతుకు.

సింహం ఆవలించింది. లేచింది. ఒళ్ళు విదిలించుకుని గడ్డిలోకి వెళ్ళిపోయింది. చాలాసేపు ఎవరూ చెయ్యి కడుక్కోలేదు.

క్షేమంగా ఇంటికొచ్చారు. రాజు సభలోకి రాగానే అందరూ లేచారు. ఆయన, కూర్చోండర్రా అన్నాడు. ఇకనుంచి నేను లేచానని మీరు లేవకండి, నా ఎదురుగా ఏముందో ముందు చూడండి అన్నాడు. ఆ పూట కోడల్ని పక్కన కూర్చోబెట్టుకుని, తన చేత్తో వడ్డించాడు. పిల్లాడు అమ్మ ఒళ్ళోంచి విస్తట్లో చెయ్యి పెట్టేశాడు. మర్యాద మంచిదే అమ్మా, ఎక్కడ చెయ్యాలో తెలిస్తే ఇంకా మంచిది, అన్నాడు రాజు.

ఏంటి బాచీ? సింహం మన గుమ్మంలోకొస్తేనా? వస్తే రానీ. నువ్వు మాత్రం లేవకు, పడుకో. కథ జీపెక్కి కంచికి వెళ్ళిపోయింది, మనం ఇంట్లోనే ఉన్నాం.